తలకిందుల అడవి

"ఇది అతికించిన ఫొటో," అన్నాడు ఫొటో క్లబ్బు పెద్ద క్లిఫర్డ్ స్టోక్స్.

హాల్లో కాఫీ కప్పుల చప్పుడు ఆగిపోయింది. గోడకి వేలాడదీసిన తెర నిండా హిల్కా రాంటాలా తీసిన సబ్బు బుడగ ఉంది. చుట్టూ చీకటి, మధ్యలో ఒక్కటే బుడగ. దాని మీద ఆకుపచ్చా, గులాబీ, బంగారు రంగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జారుతున్నాయి. పైభాగాన మొనదేలిన నల్లటి స్ప్రూస్ చెట్ల వరస, చెట్ల సందున ఒక చిన్న ఇల్లు. ఎవరో ఆ బుడగలో ఇల్లు కట్టుకుని కాపురం పెట్టినట్టుంది. తెర మీదకి వచ్చీ రాగానే ముందు వరసలో కూర్చున్న డెనీజ్ "ఓరి దేవుడా!" అని పైకే అనేసింది. వెనకాల ఎవరో చప్పట్లు కూడా మొదలుపెట్టారు. ఆ చప్పట్ల మధ్యలోనే క్లిఫర్డ్ లేచి, చేతికర్ర తెర అడుగుకి ఆనించి ఆ మాటన్నాడు.

"ఇదిగో, ఇక్కడ చూడండి. కింద మళ్ళీ అదే అడవి, అదే ఇల్లు. కాకపోతే తలకిందులుగా. పైదాన్ని కోసి, తిప్పి, కింద అంటించారు. ఇది పోటీలో 'ఒకే నొక్కు' విభాగం. కెమెరా మీట ఒక్కసారి నొక్కితే ఏం వస్తే అదే. కోతలూ అతుకులూ కుదరవు."

హిల్కా తెరకేసి చూసింది. నిజమే. కింద ఇంకో అడవి ఉంది. చెట్ల మొనలు నేలకేసీ, ఇంటి కప్పు కిందకీ. ఇన్నాళ్ళూ ఆ ఫొటో చూసుకుని మురిసిపోయిందే కానీ, పై అడవి మీంచి చూపు ఎప్పుడూ కిందకి దిగలేదు. కింద ఏదో నల్లగా మెరుస్తోందని అనుకుంది, అంతే.

"నేను అతికించలేదు," అంది.

"మరైతే అది అక్కడికెలా వచ్చింది?"

"నాకు తెలీదు."

స్కూలు బస్సు నడిపినన్నాళ్ళూ ఒక్క అద్దంలోంచి ఒక్క చూపు చూసి బస్సెడు పిల్లల నోళ్ళు మూయించిన మనిషి. ఆ రోజు ఆమె నోరే మూతబడింది. గుమ్మడికాయల దొంగ అనగానే అందరి కళ్ళూ ఆమె భుజాల మీదకి పోయాయి.

"అసలు ఫొటో ఉందా? కెమెరాలోది?" క్లిఫర్డ్ గొంతులో కరుకుదనమేమీ లేదు. అదే ఇంకా బాధగా ఉంది.

"లేదు. బాగున్నదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాక కెమెరాలోవన్నీ చెరిపేస్తాను. చెత్త దాచుకునే అలవాటు మా ఇంట్లో లేదు."

"బావుంది! ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం కూడా నేరమేనా?" అంది డెనీజ్. "క్లిఫర్డ్, ఇంటర్నెట్‌లో వెతకండి, బుడగల్లో ఇలాంటివి బోలెడుంటాయి."

"కిందటేడు చంద్రుడి ముందు ఎగిరిన లూన్ పిట్ట కూడా ఇంటర్నెట్‌లోనే ఉంది, డెనీజ్."

కిందటేడు మొదటి బహుమతి ఆ పిట్టకే ఇచ్చారు. నీళ్ళలో దిగితే తప్ప బతకలేని లూన్ పిట్ట, నిండు చంద్రుడికి అడ్డంగా రెక్కలు చాపి ఉంది. తీరా చూస్తే పిట్ట ఒక చోటిదీ, చంద్రుడు ఇంకో చోటిదీ. పేపరు వాళ్ళు థండర్ బే ఫొటో క్లబ్బుని వారం రోజులు ఆడిపోసుకున్నారు. బహుమతి చేతికిచ్చిన క్లిఫర్డ్ బొమ్మ కూడా వేశారు. మూతి కాలిన పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుంది.

నియమం ఆయనే రాశాడు, ఆయనే చదివాడు. అతుకు వేసినవారి ఫొటో లైబ్రరీ ప్రదర్శనలో ఉండదు, ఏడాదిపాటు స్టూడియో తాళంచెవి వాళ్ళ దగ్గర ఉండదు. హిల్కా చేతిసంచిలోంచి తాళంచెవి తీసింది. దానికి కట్టిన ఎర్ర ఊలు ముడి విప్పడానికి కాసేపు పట్టింది, చేతి గ్లవుకి వాడగా మిగిలిన ఊలు అది. తాళంచెవి బల్ల మీద పెట్టి, ఊలు జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తాళంచెవి తెరిచేది హాలు వెనకనున్న చిన్న గది. నల్లగుడ్డ వేసిన గోడ, రెండు ఫ్లాష్ దీపాలు, దీపానికి ముందు తెల్లగుడ్డ బిగించిన ఒక పెద్ద పెట్టె, అంతే ఆస్తి. బుడగకి సొంత రంగంటూ ఏదీ లేదు. దీపం సూటిగా దాని మీదకి కొడితే ఏమీ కనబడదు. ఓ పెద్ద తెల్లటి వెలుగుని దాని ముందు నిలబెడితే, ఆ వెలుగుని మింగి రంగులు కక్కుతుంది. వెలుగుకి అడ్డంగా తెల్లగుడ్డకి గుచ్చిన నల్లకాగితపు చెట్లూ ఇల్లూ కూడా దాని మీద పడతాయి. దానికి చీకటి కావాలి, చోటు కావాలి. హిల్కా ఉండేది నాలుగో అంతస్తులో, నాలుగు వైపులా తెల్లగోడలూ కిటికీలూ ఉన్న ఒంటిగదిలో. అక్కడ చీకటి చేయాలంటే ముందు కిటికీల్లోంచి మెరిసే సుపీరియర్ సరస్సుకి దుప్పటి కప్పాలి. రిటైరయ్యాక ఆమె ఉదయాలన్నీ ఆ వెనక గదిలోనే గడిచాయి. అది లేకపోతే ఇక శీతాకాలమంటే కిటికీ, కిటికీ అవతల మంచు, మంచులో ఇరుక్కున్న ఎవరిదో కారు.

అన్నిటికంటే ముందు పేరు. ఊరు చిన్నది. ఫిన్నిష్ వాళ్ళ వీధి ఇంకా చిన్నది. శుక్రవారం బేకరీలో యాలకుల రొట్టె కొనుక్కోవడానికి వెళ్తే, కౌంటరు వెనకామె "పోనీలే హిల్కా, అందరూ చేసేదేగా," అని ఓదార్చింది. ఆ ఓదార్పు చెంపదెబ్బలా తగిలింది. రొట్టె అక్కడే వదిలేసి వచ్చింది.

శనివారం సౌనా, అంటే ఫిన్లాండు వాళ్ళ ఆవిరిస్నానం, మానేద్దామనుకుంది. కానీ సౌనాకి వెళ్ళని శనివారం ఆమె జీవితంలో లేదు. హాలు కింద నేలమాళిగలో పాతకాలపు సౌనా ఉంది. దాన్ని రాజేసేదీ, కడిగేదీ, అందులో ఎవరెవరు ఎప్పుడు వెళ్ళాలో గోడ మీద సుద్దతో రాసేదీ ఆమె అన్న రేయో. ఆయన మాట తక్కువ మనిషి, అన్న మాట మాత్రం సూదిమొన.

"ఏంటే, నువ్వు బుడగలో దొంగ కొంప కట్టావట?" అన్నాడు కట్టెలు పేరుస్తూ.

"నువ్వు కూడా మొదలుపెట్టు."

"నేనేమన్నాను? కట్టినదానివి కొంచెం పెద్దది కట్టాల్సింది, నేనూ వచ్చి ఉండేవాణ్ణి."

"అన్నయ్యా, నేను నిజంగా అతికించలేదు."

రేయో కట్టె పక్కన పెట్టి చెల్లెలి మొహం చూశాడు. "తెలుసు. నీకు కవరు మీద స్టాంపు తిన్నగా అతికించడం కూడా రాదు. లోపలికి పో, రాళ్ళు కాగాయి."

లోపల పై బల్ల మీద ఒంటరిగా కూర్చుంది. రాగి గరిటెతో బొక్కెనలో నీళ్ళు తీసి రాళ్ళ మీద చల్లింది. బుస్సుమంటూ ఆవిరి లేచి వీపుని పట్టుకుంది. నేను అబద్ధం చెప్పలేదు కదా, అని మనసుని అడిగింది. చెప్పలేదు. మరి రెండో అడవి ఎక్కణ్ణించి వచ్చింది? కంప్యూటర్లో చెయ్యి జారి ఏదైనా నొక్కానా? ఒట్టేసి చెప్పగలనా? అదీ అసలు కష్టం. నాలుగు రోజులుగా ఊరు ఆమెని నమ్మలేదు, ఇప్పుడు తనని తానే నమ్మడం మానేసేలా ఉంది. కళ్ళనీళ్ళొచ్చాయి. సౌనాలో అదొక సుఖం, ఏది చెమటో ఏది కన్నీరో ఎవరూ అడగరు.

మళ్ళీ నీళ్ళకోసం గరిటె ఎత్తింది. రేయో బొగ్గుబూడిదతో తోమితోమి దాన్ని అద్దంలా ఉంచుతాడు. గరిటె గుంటలో ఆమె మొహం కనబడింది, గడ్డం పైకీ, తడిజుట్టు కిందకీ. తలకిందులుగా.

గరిటె వెనక్కి తిప్పింది. ఉబ్బు వైపు మొహం తిన్నగా ఉంది, కాస్త గుమ్మడికాయలా. మళ్ళీ గుంట వైపు. తలకిందులు. మళ్ళీ ఉబ్బు వైపు. తిన్నగా.

బుడగకి రెండు వైపులున్నాయి! కెమెరా వైపుది ఉబ్బు. దానిలోంచి అవతలకి చూస్తే, బుడగ వెనక పొర గుంట. ఒకే వెలుగు రెండు అద్దాల్లో పడింది. అడవి ఒక్కటే, అద్దాలు రెండు.

హిల్కా తువ్వాలు చుట్టుకుని, దానిపైన శీతాకాలపు కోటు వేసుకుని, గరిటె పట్టుకుని మెట్లెక్కి పైకి పరిగెత్తింది. పైన క్లిఫర్డ్ ప్రదర్శన ఫొటోలకి చట్రాలు బిగిస్తున్నాడు. తడిజుట్టులోంచి ఆవిరి కక్కుతూ, చేతిలో గరిటెతో మీదకొస్తున్న ఆడమనిషిని చూసి, మేకులు నోట్లో ఉన్నాయన్న సంగతి మర్చిపోయి రెండడుగులు వెనక్కి వేశాడు.

"చూడండి! ఇటు మీరు తిన్నగా ఉన్నారా? ఇటు తలకిందులు!"

ఆయన మేకులు జాగ్రత్తగా చేతిలోకి తీసుకున్నాడు. గరిటె చూశాడు. ఉద్యోగమంతా భూములు కొలిచిన మనిషి, తన కొలతలో పడనిదేదీ ఒప్పుకోడు. "గరిటె గురించి మీరు చెప్పింది నిజమే. ఇది రాగి. అది సబ్బునీళ్ళు."

"బుడగ అయినా అంతే!"

"హిల్కా, నాకు మీరంటే గౌరవం. కానీ కిందటేడు పిట్ట ఫొటో తెచ్చినవాడు కూడా నాకు చక్కగా వివరించి చెప్పాడు. బుధవారం రాత్రి భోజనాల ముందు అందరూ వస్తారు. అందరి కళ్ళ ముందూ ఒక్క బుడగ చేసి, ఒక్క నొక్కు నొక్కండి. రెండో అడవి పడితే తాళంచెవి మీ చేతిలో నేనే పెడతాను."

"పడకపోతే?"

"పడకపోతే లైబ్రరీ గోడ మీద మీ చట్రం ఉండదు. ఇంక ఈ మాట ఎత్తొద్దు."

"సరే," అంది హిల్కా. అప్పుడు ఆమెకి తన మోకాళ్ళ మీద నీళ్ళు గడ్డకట్టే చలి తెలిసింది. "నేను వెళ్ళి బట్టలు కట్టుకుంటాను."

బుధవారానికి ఆమె సబ్బు నీళ్ళు ముందురోజే కలిపి మూతపెట్టి ఉంచింది. గిన్నెలు తోమే సబ్బు, గ్లిజరిన్, కొంచెం పంచదార పాకం, మరిగించి చల్లార్చిన నీళ్ళు. ఒకరోజు ఊరితే నురగ అణిగి, నీళ్ళు తేనెలా కదులుతాయి. నల్లకాగితంలో అడవిని కొత్తగా కత్తిరించింది. వెనక గదిలోవన్నీ హాల్లోకి తెచ్చి నిలబెట్టారు. నల్లగుడ్డ, దీపం, తెల్లగుడ్డ పెట్టె, దానికి గుచ్చిన కాగితపు అడవి. ఎదురుగా తడిపిన తీగ వలయం. చుట్టూ కుర్చీలు వేసుకుని క్లబ్బు మొత్తం కూర్చుంది. గులాబీ పాకం పూసిన పెర్షియన్ బన్నులు పళ్ళెంలో తిరుగుతున్నాయి. తగవు తీర్పైనా సరే, బన్నులు లేకుండా ఆ ఊళ్ళో ఏదీ జరగదు.

హిల్కా గొట్టం ముంచి మెల్లగా ఊదింది. బుడగ ఉబ్బింది, వలయం మీద కూర్చుంది, పగిలింది.

మళ్ళీ ఊదింది. కెమెరా దగ్గరకి చెయ్యి పోయేలోగానే పగిలింది. మళ్ళీ. గులాబీ రంగు ఇలా కనబడి అలా చచ్చిపోయింది. ఇంకోటి వలయం దాకా కూడా రాలేదు.

"ఊపిరి బిగపట్టి ఊదు," అన్నారొకరు. "సబ్బు ఎక్కువైంది," అన్నారింకొకరు. వంటింట్లో అడుగుపెట్టని మగవాళ్ళంతా ఆ పూట సబ్బు మీద పండితులైపోయారు.

ఆమెకి ఏమీ అర్థం కాలేదు. అక్టోబరులో, ముసురు పట్టిన రోజుల్లో, ఇదే నీళ్ళతో బుడగలు ఎంతసేపు నిలిచేవి! రంగులు ఒక్కొక్కటీ మెల్లగా దిగేవి. ఆకుపచ్చా గులాబీ అయ్యాక బంగారం వచ్చేది. ఆ బంగారం కోసం కాచుకుని కూర్చుని నొక్కేది. ఇప్పుడు బంగారం మాట దేవుడెరుగు. పెదవులు ఎండి చిట్లాయి, నాలుకతో తడుపుకుంది. డెనీజ్ చేతుల్ని రుద్దుకుంటూ, "చలికి వణుకుతూ వస్తారని నేనే ముందొచ్చి హాలు వేడిచేసే ఫర్నేసు పెంచాను," అని పక్కనామెతో గొప్పగా చెబుతోంది.

క్లిఫర్డ్ తలొంచుకుని బూట్లకేసి చూస్తున్నాడు. ఆయన మొహంలో గెలుపు లేదు, ఇబ్బందే ఉంది. "హిల్కా," అన్నాడు నెమ్మదిగా, "ఇంక చాలేమో."

ఆమె గొట్టం కింద పెట్టింది. నిజం తన పక్కన ఉండి కూడా ఓడిపోవడం ఎలా ఉంటుందో ఆమెకి ఆ క్షణాన తెలిసింది. అరవాలనిపించింది. అరవలేదు.

సరిగ్గా అప్పుడు నేలమాళిగ తలుపు తెరుచుకుని రేయో వచ్చాడు. ఎర్రగా కాలిన మొహం, భుజాల మీంచి పొగలు. "మగాళ్ళ వంతు అయిపోయింది. ఆడాళ్ళెవరూ రారా? రాళ్ళు చల్లారిపోతున్నాయి, మళ్ళీ నన్ను అనొద్దు."

ఆయన వెనకాలే మెట్ల మీంచి గోరువెచ్చటి తడిగాలి వచ్చి హిల్కా పెదవులకి తగిలింది. చిట్లిన పెదవి మెత్తబడింది.

ఆమె నాలుక మరోసారి పెదవి మీదకి పోబోయి ఆగింది. గాలి! ఫర్నేసు గాలి ఎముకలా ఎండిపోయి ఉంది. తన పెదవినే చీల్చిన గాలి బుడగని ఉంచుతుందా? అక్టోబరులో ముసురు ఉంది. ఇప్పుడు...

"అన్నయ్యా, రాళ్ళు ఎంత వేడిగా ఉన్నాయి?"

"సగం చల్లారాయి. కోడిగుడ్డు కూడా ఉడకదు."

"ఇంకో రెండు గరిటెలు చల్లు. అందరూ లేవండి! కిందకి పదండి!"

"సౌనాలోకా?" అన్నాడు క్లిఫర్డ్. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి కూడా ఆయన ఒక్కసారీ అందులో కాలు పెట్టలేదని అందరికీ తెలుసు.

"భయపడకండి, బట్టలతోనే," అంది డెనీజ్. "బూట్లు మాత్రం విప్పాలి."

దీపం లోపలికి రాకూడదని రేయో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "తడిలో కరెంటు తీగ పెడితే ఫొటో నీది, చావు నాది." దీపాన్ని బయట బట్టలు మార్చుకునే గదిలో వెలుగుతూ ఉంచి, గుమ్మానికి పైనుంచి తెల్లదుప్పటి కట్టారు. దుప్పటికి కాగితపు అడవిని గుచ్చింది హిల్కా. లోపల బొక్కెన బోర్లించి దాని మీద వలయం పెట్టింది. వెనక గోడ బల్లచెక్కలు ఎన్నో ఏళ్ళ పొగకి నల్లబడి ఉన్నాయి, నల్లగుడ్డ అక్కర్లేదు. కెమెరా తెస్తే అద్దం క్షణంలో చెమర్చింది. దాన్ని రేయో ఆరబెట్టిన వెచ్చటి తువ్వాల్లో చుట్టి, పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని అది వెచ్చబడేదాకా కూర్చుంది.

ఎవరూ తొందరపెట్టలేదు. పైన అన్ని సలహాలిచ్చినవాళ్ళు మేజోళ్ళతో బల్లల మీద వరసగా కూర్చుని కిక్కురుమనడం లేదు. సౌనాలో చర్చిలో ఉన్నట్టు ఉండాలని ఫిన్నిష్ తల్లులు పిల్లలకి చెబుతారు. చెప్పించుకోనివాళ్ళకి కూడా ఆ పూట అది తెలిసిపోయింది. క్లిఫర్డ్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, మళ్ళీ మసకబారుతోంది, మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

హిల్కా తువ్వాలు విప్పింది. అద్దం శుభ్రంగా ఉంది. గొట్టం ముంచి ఊదింది.

బుడగ ఉబ్బింది. వలయం మీద కూర్చుంది. ఒక్కసారి వణికి, కుదురుకుంది.

రంగులు పైనుంచి కిందకి మెల్లగా దిగుతున్నాయి. దిగుతున్నాయి. బుడగకి ఎక్కడికీ వెళ్ళే తొందర లేదు. ఆకుపచ్చ, గులాబీ. తర్వాత, ఎవరో దీపం వత్తి పెంచినట్టు, బంగారం.

నొక్కింది. ఫ్లాష్ దుప్పటిని ఒక్కసారి మెరిపించింది. బుడగ ఇంకా ఉంది.

"రండి," అంది క్లిఫర్డ్‌తో. "ఫొటో తర్వాత చూద్దురు గాని. ముందు దీన్ని చూడండి."

ఆయన బొక్కెన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పైన నల్లటి అడవి తిన్నగా ఉంది. కింద అదే అడవి తలకిందులుగా ఉంది. ఎవరూ అతికించలేదు. ఆయన చూస్తుండగానే రెండడవుల మీంచీ బంగారం జారుతోంది.

హిల్కా ఇంకేమీ అనకుండా లేచి, దుప్పటి మీంచి కాగితపు అడవిని పీకేసింది. "వెళ్ళి దుప్పటి ముందు నిలబడండి. అడవి నాది కాబట్టి నమ్మలేదు. మీరైతే మీరే కదా."

క్లిఫర్డ్ లేచి వెళ్ళి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక, పాఠశాలలో ఫొటోకి నిలబడ్డ పిల్లాడిలా చేతులు పక్కన పెట్టుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, ఒక చెయ్యి ఎత్తి ఊపాడు. బల్ల మీద కూర్చున్నవాళ్ళలో ముందు డెనీజ్ నవ్వింది. తర్వాత అందరూ. బుడగలో పై క్లిఫర్డ్ చెయ్యి ఊపుతుంటే, కింద ఇంకో క్లిఫర్డ్ గబ్బిలంలా వేలాడుతూ చెయ్యి ఊపుతున్నాడు.

హిల్కా నొక్కింది.

అప్పుడు పగిలింది బుడగ. చప్పుడు లేకుండా, చెయ్యాల్సిన పని పూర్తిచేసి. చప్పట్లు మాత్రం పైన వీధిలోకి వినబడేలా మోగాయి. రేయో ఆనందం పట్టలేక రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు కొట్టాడు, ఆవిరిలో ఎవరికెవరూ కనబడలేదు. ఆ ఆవిరిలోనే ఒక చెయ్యి హిల్కా చేతిని వెతుక్కుంటూ వచ్చి తాళంచెవి పెట్టింది.

"అందరి ముందూ అన్నాను. అందరి ముందూ చెబుతున్నాను," అంది క్లిఫర్డ్ గొంతు. "తప్పు నాది, హిల్కా."

"సౌనాలో తగవులొద్దు," అంది ఆమె. జేబులోంచి ఎర్ర ఊలు తీసి, చూడకుండానే తాళంచెవికి ముడేసింది. ఈసారి ముడి విడదు.

లైబ్రరీ ప్రదర్శనలో హిల్కావి రెండు చట్రాలు వేలాడదీశారు. అడవిది ఒకటి, క్లిఫర్డ్‌ది ఒకటి. జనం ఎక్కువగా మూగింది రెండోదాని దగ్గరే. తలలు పక్కకి వాల్చి, కొందరు నడుమొంచి కాళ్ళ సందులోంచి కూడా చూశారు. హిల్కా కాఫీ పట్టుకుని దూరంగా నిలబడి ఆ తలలని చూస్తూ నవ్వుకుంది. బేకరీ ఆమె కూడా వచ్చింది. చేతిలో యాలకుల రొట్టె పొట్లం ఉంది. ఏమీ అనకుండా పొట్లం హిల్కా చేతిలో పెట్టి వెళ్ళి ఫొటో ముందు నిలబడింది.

ఎవరో పొరుగూరి పెద్దమనిషి మెడలో కెమెరా వేసుకుని వచ్చాడు. ఫొటోని దగ్గరగా చూసి, దూరంగా చూసి, పక్కనున్నవాడితో పెదవి విరిచాడు. "కిందది అతికించింది. చూస్తేనే తెలియట్లా?"

పక్కనున్నవాడు క్లిఫర్డ్ స్టోక్స్. ఆయన కళ్ళజోడు తీసి తీరిగ్గా తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"బుధవారం రండి," అన్నాడు. "తువ్వాలు తెచ్చుకోండి."